వీధులు నిలిచాయి, తోటలు పోయాయి

మన దగ్గర ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. రాజకీయాల్లోకి చదువుకున్నవాళ్లు రావాలి, ముఖ్యంగా ఇంజనీర్లు రావాలి, అప్పుడే పనులు జరుగుతాయి అని. ఈ మాట అనేవాళ్లలో చాలామంది తామే ఇంజనీర్లు, లేదా ఇంజనీర్ల తల్లిదండ్రులు. తెలుగు మధ్యతరగతిలో ఈ రెండు కోవలకూ చెందని కుటుంబం దొరకడం కష్టమే కాబట్టి ఈ కోరికకు బలం ఎక్కువ. మా ఇంట్లోనూ పండక్కి నలుగురూ చేరితే చివరికి చర్చ అక్కడికే వస్తుంది. వాళ్ల వాదన సారాంశం ఇది: ఇంజనీరు లెక్కల మనిషి, ఆయనకు పక్షపాతం ఉండదు, రెండూ రెండూ కలిపితే ఏ పార్టీకైనా నాలుగే వస్తుంది.

నాకు ఈ వాదన నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్పడానికి మన వాళ్ల పేర్లు ఎత్తితే చర్చ వెంటనే కులం మీదికీ పార్టీల మీదికీ పోతుంది. అందుకే స్పెయిన్ నుంచి ఒక మనిషిని తెచ్చుకుంటాను. ఇల్డెఫోన్స్ సెర్దా. 1815లో, బార్సిలోనా రాజధానిగా ఉన్న ఈశాన్య స్పెయిన్ ప్రాంతం కాటలోనియాలోని సెంతేయెస్ అనే ఊరి దగ్గర, భూములున్న కుటుంబంలో పుట్టాడు. రోడ్లూ వంతెనలూ కట్టే ప్రభుత్వ ఇంజనీరుగా మొదలై, పార్లమెంటు సభ్యుడై, బార్సిలోనా నగర కౌన్సిలరై, చివరికి ఆ ప్రాంతీయ పాలక మండలికి తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. ఈ రోజు బార్సిలోనాను విమానం కిటికీలోంచి చూస్తే కనిపించే ఆ చదరాల నగరం, మూలలు కోసిన వందలాది బ్లాకులు, ఆయన గీసినవే. పర్యాటకులు ప్రసిద్ధ వాస్తుశిల్పి గౌడీ కట్టిన ఇళ్లను చూడటానికి వెళతారు. ఆ ఇళ్లు నిలబడిన నేల మాత్రం సెర్దా గీసిన లెక్కలో ఉంది.

ఆయన గొప్పతనం పక్షపాతం లేకపోవడంలో ఉందని చెప్పేవాళ్లకు 1850ల నాటి బార్సిలోనా ఎలా ఉండేదో తెలియాలి.

ఆ ఊరి చుట్టూ కోటగోడ ఉండేది. 1714లో బూర్బన్ రాజు సైన్యాలు నగరాన్ని గెలిచాక, లొంగని జనాన్ని అదుపులో పెట్టడానికి ఊరి పక్కనే సియుతదెల్యా అనే పెద్ద కోట కూడా కట్టించారు. గోడ బయట, ఫిరంగి గుండు వెళ్లేంత దూరం వరకు, ఎవరూ ఇల్లు కట్టకూడదని సైన్యం నిషేధం. లోపల మాత్రం జనం పెరుగుతూనే ఉన్నారు. కాటలోనియాలో బట్టల మిల్లులు వచ్చాయి, ఆవిరి యంత్రాలు వచ్చాయి, పల్లెల నుంచి కూలీలు వచ్చారు. నేల మాత్రం అంగుళం పెరగలేదు. శతాబ్దం మధ్యకు వచ్చేసరికి హెక్టారుకు ఎనిమిది వందలమందికి పైగా జనం కిక్కిరిసి ఉన్నారు. ఇళ్ల మీద అంతస్తులు లేచాయి, పై అంతస్తులు వీధి మీదికి వంగాయి, వీధుల్లో ఎండ పడటం మానేసింది. 1834లో కలరా వచ్చింది. 1854లో మళ్లీ వచ్చి వేలమందిని తీసుకుపోయింది. గోడ పడగొట్టాలని వైద్యుడు పేరె ఫెలిప్ మొన్లావు 1841లోనే వాదించాడు. రోగానికి మందు నగర నిర్మాణంలో ఉందని డాక్టరు చెబుతున్నాడు, ఆ మందు యుద్ధ మంత్రిత్వశాఖ బీరువాలో ఉంది. ఇక్కడ రాజకీయం లేని పరిష్కారం ఏది?

సెర్దా ఈ పరిష్కారం వైపు నిదానంగా వచ్చాడు. మాడ్రిడ్‌లోని రోడ్ల ఇంజనీర్ల కళాశాలలో 1835లో చేరి 1841లో బయటికొచ్చాడు. ఆ కళాశాల గురించి ఒక మాట చెప్పుకోవాలి. పందొమ్మిదో శతాబ్దపు స్పెయిన్‌లో అది ఇంజనీర్లను ఎంతగా తయారుచేసిందో పాలకులనూ అంతగా తయారుచేసింది. పలుమార్లు ప్రధాని అయిన సగస్తా అక్కడివాడే. రోడ్లు, బ్యాంకులు, నాటకాలు అన్నిటిలోనూ చేయి పెట్టి, మంత్రిగా 1874లో బ్యాంక్ ఆఫ్ స్పెయిన్‌కు నోట్లు ముద్రించే గుత్త హక్కు ఇచ్చి, 1904లో సాహిత్యానికి నోబెల్ కూడా పంచుకున్న హోసె ఎచెగరాయ్ అక్కడివాడే. రోడ్డు ఎటు వెళ్లాలో నిర్ణయించేది మాడ్రిడ్ కాబట్టి, రోడ్డు వేసేవాడు మాడ్రిడ్ రాజకీయం నేర్చుకోక తప్పలేదు.

ఆ తరువాత సెర్దా ప్రభుత్వ ఉద్యోగిగా టెరుయెల్, టరగోనా, వలెన్సియా, గిరోనా లాంటి చోట్ల పనిచేశాడు. 1844లో ఫ్రాన్స్‌లోని నీమ్‌లో రైలును చూశాడు. రోడ్డు ఇంజనీరు రైలును చూసి ఆశ్చర్యపోవడంలో వింత లేదు. ఆయనకు తట్టిన ప్రశ్న మాత్రం అందరికీ తట్టేది కాదు. ఇంత వేగంగా ఇంతమంది మనుషులు ఒక ఊరికి చేరబోతున్నారు, ఆ ఊరి సందులు వాళ్లను ఎలా మోస్తాయి? 1848లో బార్సిలోనా నుంచి మతరోకు, ఐబీరియా ద్వీపకల్పంలో మొదటి రైలు మార్గం పడింది. ఆ కాలంలోనే అన్నదమ్ములు పోవడంతో కుటుంబ ఆస్తి ఆయనకు వచ్చింది. 1849లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. ఇక నగరమే తన పని అనుకున్నాడు. ప్రభుత్వ ఉద్యోగం వదులుకుని సొంత డబ్బుతో నగరం గురించి చదువుకుంటానంటే మన ఇళ్లలో ఏమంటారో ఊహించుకోండి.

1851లో ప్రగతివాద పక్షం తరఫున పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1854లో మాడ్రిడ్‌లో ప్రభుత్వం మారి ప్రగతివాదులు వచ్చారు. బార్సిలోనా గవర్నరుగా వచ్చిన పాస్క్వల్ మదోస్ కాలంలో గోడ కూల్చడానికి అనుమతి దొరికింది. జనం గునపాలు పట్టుకుని వచ్చారు. తరువాతి రెండేళ్లూ సెర్దా నగర కౌన్సిల్లో ఉన్నాడు, జాతీయ పౌరదళంలో కూడా పనిచేశాడు. 1855లో బార్సిలోనా మిల్లు కార్మికులు "సంఘమా, మరణమా" అంటూ సార్వత్రిక సమ్మె చేశారు. స్పెయిన్ చరిత్రలో అది మొదటిది. ఆ ఏడాదే గోడల బయటి మైదానాన్ని కొలిచే పని సెర్దాకు అప్పగించారు. ఆయన మైదానంతో ఆగలేదు. గోడ లోపలి మనుషులను కూడా కొలిచాడు.

నా వాదనకు కీలకం ఇక్కడే ఉంది. 1856 నాటి బార్సిలోనా కార్మికవర్గం మీద ఆయన ఒక గణాంక గ్రంథం తయారుచేశాడు. ఏ వృత్తిలో ఎంతమంది, రోజుకు ఎంత కూలి, ఏడాదిలో ఎన్ని రోజులు పని ఉంటుంది, రొట్టెకు ఎంత, అద్దెకు ఎంత, భార్యాపిల్లలు ఉంటే ఎంత అని వరుసగా రాసుకుంటూ పోయాడు. చాలా వృత్తుల్లో కూలి కుటుంబ ఖర్చుకు చాలదని తేలింది. ఇంకో లెక్కలో ధనికుడి సగటు ఆయుష్షు కార్మికుడి ఆయుష్షు కంటే చాలా ఎక్కువని తేలింది. ఒకే ఊరు, ఒకే గాలి అనుకునే చోట గాలి కూడా సమానంగా పంచబడటం లేదని అంకెలు చూపించాయి. ఇది పక్షపాతం లేని లెక్కా? లెక్కలో తప్పు లేదు, నిజమే. అయితే ఏది లెక్కపెట్టాలో ఎంచుకున్నప్పుడే ఆయన ఒక పక్షం వహించాడు. అదే మైదానాన్ని సైన్యం ఇంజనీరు కొలిస్తే ఫిరంగి దూరం కొలుస్తాడు. భూస్వామి కొలతగాడు గజాల లెక్కన ధర కొలుస్తాడు. సెర్దా ఒక్కో మనిషికి ఎంత గాలి, ఎంత ఎండ కావాలో కొలిచాడు.

ఆ కొలతలోంచే 1859 నాటి పథకం పుట్టింది. ప్రతి బ్లాకూ 113.3 మీటర్ల చదరం. మూలలు నలభై అయిదు డిగ్రీల కోణంలో కోసి ఉంటాయి, అందువల్ల ప్రతి కూడలీ ఒక చిన్న మైదానం అవుతుంది, బండి తిరగడానికి చోటుంటుంది. ఏనాటికైనా ఆవిరి బండ్లు వీధుల్లో తిరుగుతాయని ఆయన నమ్మాడు. వీధి వెడల్పు కనీసం 20 మీటర్లు. అందులో సగం బండ్లకు, అటూ ఇటూ అయిదేసి మీటర్లు నడిచేవాళ్లకు. కారు పుట్టకముందే వీధిలో సగాన్ని పాదచారికి రాసిచ్చిన పథకం ఇది. మన ఊళ్లలో ఫుట్‌పాత్ మీద నడవబోయి మురుగు కాలువ మూతల మీద సర్కస్ చేసిన అనుభవం ఉన్నవాళ్లకు ఆ అయిదు మీటర్ల విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు. దిక్కుల లెక్క కూడా ఉంది. చదరాలను ఉత్తర దక్షిణాలకు సరిగ్గా కాకుండా ఏటవాలుగా తిప్పాడు, ఏ గోడా రోజంతా నీడలో ఉండకూడదని. ఇక బ్లాకులో నాలుగు వైపులా కట్టకూడదు, రెండు వైపులే కట్టాలి. ఎత్తు 16 మీటర్లు మించకూడదు. మిగిలినదంతా తోట. ధనికుల పేటకూ పేదల పేటకూ ఒకే చదరం, ఒకే వెడల్పు వీధి.

ఈ చివరి సంగతి చాలామందికి గిట్టలేదు.

పథకం ఆమోదం పొందిన తీరు మీద బార్సిలోనాలో ఈనాటికీ మంట ఉంది, ఆ మంటలో న్యాయం కూడా ఉంది. మాడ్రిడ్ ప్రభుత్వం 1859 జూన్‌లో సెర్దా పథకాన్ని ఆమోదించింది. నగర కౌన్సిల్ అదే ఏడాది సొంతంగా పోటీ పెట్టి, పాత ఊరిని మధ్యలో ఉంచి విసనకర్రలా విచ్చుకునే నగరాన్ని గీసిన ఆంటోని రొవీరా ఇ త్రియాస్‌కు బహుమతి ఇచ్చింది. మాడ్రిడ్ దాన్ని పక్కనపెట్టి 1860లో సెర్దా పథకాన్నే ఖాయం చేసింది. రాణి రెండో ఇసబెల్ వచ్చి శంకుస్థాపన చేసింది. స్థానిక సంస్థ నిర్ణయాన్ని రాజధాని కాలరాసిందన్నది కాటలాన్ల ఫిర్యాదు. ఊరు మనది, ఇంజనీరు మనవాడే, అయినా నిర్ణయం వాళ్లది అన్న బాధ.

ఈ ఫిర్యాదును నేను తేలిగ్గా తీసిపారేయను. ప్రజాస్వామ్యం గురించి మాట్లాడేవాడికి ఇక్కడ ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఆ నగర కౌన్సిల్‌ను ఎన్నుకున్నదెవరు? అప్పటి స్పెయిన్‌లో ఓటు హక్కు పన్ను కట్టే కొద్దిమంది ఆస్తిపరులకే ఉండేది. సమ్మె చేసిన మిల్లు కార్మికుడికి ఓటు లేదు. కలరాలో పోయినవాళ్లలో ఎక్కువమందికి ఓటు లేదు. స్థానిక స్వరం అనిపించేది గోడ బయట భూములున్నవాళ్ల స్వరం కూడా. రొవీరా నగరంలో కేంద్రానికి దగ్గరైన నేలకు ధర ఎక్కువ, దూరమైన నేలకు తక్కువ. సెర్దా చదరంలో ఎక్కడైనా ఒకటే వెడల్పు, ఒకటే మూల కోత. ఈ రెండు నగరాల మధ్య పోటీని కేవలం సౌందర్యం మీద పోటీగా చూడటం నాకు చేతకాదు. రెండు దారుల్లోనూ ఓటు లేనివాళ్లను ఎవరూ అడగలేదు. అడగకపోయినా వాళ్ల గది పరిమాణాన్ని కొలిచినవాడు ఒక్కడే. నా మొగ్గు అటు.

గ్రాసియా పేటలో ఒక కూడలికి రొవీరా పేరు పెట్టారు. అక్కడ బల్ల మీద కూర్చున్న ఆయన కంచు విగ్రహం ఉంది, కాళ్ల దగ్గర నేల మీద ఓడిపోయిన ఆయన పథకం చెక్కి ఉంది. సెర్దా పేరు ఊరి అంచున ఒక రద్దీ కూడలికి పెట్టారు. గెలిచిన ఇంజనీరుకు ట్రాఫిక్, ఓడిన వాస్తుశిల్పికి విగ్రహం.

సెర్దా గీతల గురించి రాసేవాళ్లు ఎక్కువ. నాకు మాత్రం ఆయన రాసిన ఆర్థిక ప్రతిపాదన మీద ఆసక్తి ఎక్కువ, ఎందుకంటే ఇంజనీరు పాలకుడిగా మారింది ఆ కాగితంలోనే. సమస్య ఇది. గోడ బయటి భూములు వంకర టింకర కమతాలు. వాటి మీద తిన్నని వీధి గీస్తే ఒకడి పొలం మొత్తం రోడ్డు కింద పోతుంది, పక్కవాడి పొలానికి రెండు వైపులా వీధి వచ్చి ధర పదింతలవుతుంది. పోయినవాడు కోర్టుకెక్కుతాడు, వచ్చినవాడు చప్పుడు చేయకుండా అమ్ముకుంటాడు. సెర్దా చెప్పిన ఉపాయం ఏమిటంటే, అందరి భూమినీ ఒక్కటిగా లెక్కవేయాలి, వీధులకు పోయేదాన్ని అందరి వాటాలోంచీ దామాషాగా తీయాలి, మిగిలినదాన్ని వీధికి లంబంగా ఉండే సక్రమమైన స్థలాలుగా కోసి ఎవరి వాటా వాళ్లకు తిరిగి ఇవ్వాలి. వీధులు, మురుగు కాలువల ఖర్చు కూడా లాభపడేవాళ్లే పంచుకోవాలి. 1860లోనే ఈ మాట!

అమరావతి కోసం సుమారు 34 వేల ఎకరాలు సమీకరించిన పద్ధతి చదివిన తెలుగువాళ్లకు ఇది పరిచయమైన తర్కమే. రైతు పొలం ఇచ్చి అభివృద్ధి చేసిన స్థలం తిరిగి తీసుకోవడం, భారమూ లాభమూ పంచుకోవడం. సెర్దా కాగితాన్ని ఇక్కడ ఎవరో కాపీ కొట్టారని నేను అనడం లేదు. ఆ ఆలోచన వంశవృక్షంలో ఆయన చాలా పైన ఉంటాడు, అంతే. ఆ ఆలోచనకు పుట్టుకతోనే ఉన్న బలహీనత కూడా వారసత్వంగా వచ్చింది. తిరిగి ఇస్తామన్న ప్రభుత్వం పదేళ్లపాటు అదే మాట మీద నిలబడితేనే ఆ లెక్క సరిపోతుంది. సెర్దాకు ఆ పదేళ్లు దొరకలేదు. 1861లో పట్టణ సంస్కరణల మీద తెచ్చిన విస్తృతమైన బిల్లు పార్లమెంటులో ఆగిపోయింది. 1864లో వచ్చిన నగర విస్తరణ చట్టం ఆయన కోరినదానితో పోలిస్తే నీరసమైనది.

ఇప్పుడు ఫలితం చూద్దాం. వీధులు దాదాపు ఆయన గీసినట్టే ఉన్నాయి. 20 మీటర్లంటే 20 మీటర్లే. మూలలు కోసే ఉన్నాయి. నూటయాభై ఏళ్లలో యుద్ధాలు, నియంతృత్వం, ఒలింపిక్స్ అన్నీ వచ్చిపోయాయి, వీధి గీత కదలలేదు. తోటలు మాత్రం దాదాపు అన్నీ పోయాయి. రెండు వైపులే కట్టాలన్నది మొదట మూడు వైపులైంది, తరువాత నాలుగైంది. మధ్యలో ఖాళీగా మిగిలిన నేలలో వర్క్‌షాపులు, గోదాములు, తరువాత కార్ల షెడ్లు వెలిశాయి. 1891 నాటి నియమాలు ఎత్తునూ లోతునూ పెంచాయి, ఇరవయ్యో శతాబ్దపు నియమాలు ఇంకా పెంచాయి. నియంత ఫ్రాంకో కాలపు మేయరు పోర్సియోలెస్ హయాంలో పాత ఇళ్ల నెత్తిన అదనపు అంతస్తులు మొలిచాయి. ఒక్కో బ్లాకులో అనుమతించిన నిర్మాణ పరిమాణం సెర్దా అనుకున్నదానికి నాలుగు రెట్లు దాటింది. ఆ వరుసను వెనక్కి తిప్పడానికి 1976 నాటి మహానగర ప్రణాళిక దాకా ఆగాల్సి వచ్చింది.

ఎందుకిలా? వీధి ప్రజల ఆస్తి, దాన్ని ఎవరూ అమ్ముకోలేరు. తోట మాత్రం ప్రైవేటు స్థలం మీద ప్రభుత్వం పెట్టిన నిషేధం. నిషేధం అనేది రోజూ ఎవరో ఒకరు కాపలా కాయాల్సిన వస్తువు. కాపలా కాయాల్సిన కౌన్సిల్లో ఆ స్థలాల యజమానులే కూర్చున్నారు. ఒకడు కట్టాడు, జరిమానా పడలేదు, రెండోవాడు కట్టాడు, తరువాత అందరూ కట్టిందాన్ని చట్టబద్ధం చేస్తూ నియమం వచ్చింది. సెట్‌బ్యాక్ మింగేసి, పెంట్‌హౌస్ లేపి, అక్రమ నిర్మాణాల క్రమబద్ధీకరణ పథకం కోసం ఎదురుచూసే మన అపార్ట్‌మెంటు సంస్కృతి ఇక్కడే పుట్టిందని గర్వపడనక్కర్లేదు. ఇంజనీరు గీతకు తప్పు లేదు. గీతను కాపాడే అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు స్కేలూ పెన్సిలూ సమాధానం చెప్పవు.

సెర్దా తప్పులు చెప్పకుండా వదిలేస్తే ఇది భజన అవుతుంది. ఆయన 1860ల మొదట్లో ప్రభుత్వం తరఫున ఈ విస్తరణకు సాంకేతిక సలహాదారుగా ఉంటూనే, ఆ నేలలో ఇళ్లు కట్టి అమ్మే ఒక కంపెనీకి సాంకేతిక బాధ్యతలు కూడా చూశాడు. తన పథకం కాగితం మీద మిగిలిపోకుండా కొన్ని బ్లాకులైనా లేవాలన్న ఆత్రం ఉండవచ్చు. ఈ రోజు మన నగరపాలక సంస్థలో ఎవరైనా ఇలా చేస్తే పత్రికలు ఏమి రాస్తాయో, ఆయన గురించి కూడా అదే రాయాలి. లంచం తిన్నాడని కాదు. చనిపోయేనాటికి ఆయన దగ్గర ఏమీ మిగలలేదు. ప్రభుత్వం పక్షాన ఒక కుర్చీ, బిల్డరు పక్షాన ఇంకో కుర్చీ ఉన్నప్పుడు ఆయన చెప్పే ప్రతి మాటనూ ప్రత్యర్థులు అనుమానించగలిగారు. పథకానికి అది చేటు చేసింది.

1867లో ఆయన నగర నిర్మాణం మీద తన పెద్ద సిద్ధాంత గ్రంథం ప్రచురించాడు. కార్మికుల గణాంకాలను అందులో అనుబంధంగా చేర్చాడు. మరుసటి ఏడాది విప్లవం వచ్చి రాణి దేశం వదిలి పారిపోయింది. 1871లో బార్సిలోనా ప్రాంతీయ మండలికి ఎన్నికై, 1873లో స్పెయిన్ మొదటి గణతంత్రమైనప్పుడు ఆ మండలికి ఉపాధ్యక్షుడుగా, తాత్కాలిక అధ్యక్షుడుగా పనిచేశాడు. ఒకవైపు రాజవంశంలోని ఇంకో శాఖకే సింహాసనం దక్కాలని పోరాడే కార్లిస్టులతో అంతర్యుద్ధం, ఇంకోవైపు ఖాళీ ఖజానా. అప్పుడు ఆయన వయసు అరవైకి దగ్గర. గణతంత్రం రెండేళ్లయినా నిండకుండానే కూలింది. 1876 ఆగస్టులో ఉత్తర స్పెయిన్‌లోని కల్దాస్ దె బెసాయా అనే వేడినీటి బుగ్గల ఊళ్లో పోయాడు. కుటుంబ ఆస్తి నగరం మీద ఖర్చయిపోయింది. పథకానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన రుసుము అందలేదు. అదే కళాశాలలో చదివిన సగస్తా మాత్రం తరువాత చాలా ఏళ్లు దేశాన్ని ఏలాడు. రాజకీయాల్లో ఎలా బతకాలో సగస్తాకు తెలుసు. ఎంత వెడల్పు వీధిలో బతకాలో సెర్దాకు తెలుసు. ఈ రెండు తెలివితేటలూ ఒకే మనిషిలో ఉండటం అరుదు. మన కానూరి లక్ష్మణరావు గారి లాంటి వాళ్లు గుర్తొస్తారు, ఆయన విజయవాడ నుంచి మూడుసార్లు లోక్‌సభకు వెళ్లి కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా పనిచేసిన ఇంజనీరు. అలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా ఉండవు.

చనిపోయాక కూడా సెర్దాను వదల్లేదు. కాటలాన్ వాస్తుశిల్పులకు ఆ చదరాలు ప్రాణం లేనివిగా కనిపించాయి. వాళ్లలో జోసెప్ పుయిచ్ ఇ కదఫాల్క్ మరీ తీవ్రంగా తిట్టాడు. ఆయనా వాస్తుశిల్పి నుంచి రాజకీయ నాయకుడైనవాడే, తరువాత కాటలోనియా ప్రాంతీయ ప్రభుత్వానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన కట్టిన అత్యంత ప్రసిద్ధ భవనాలు కాసా అమత్యేర్, కాసా దె లెస్ పున్‌షెస్ రెండూ సెర్దా విస్తరణలోనే నిలబడి ఉన్నాయి. తిట్టడానికి కూడా ఆ వెడల్పు వీధే కావాల్సి వచ్చింది.

1980ల నుంచి నగరం పోయిన తోటలను ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. మొదటి వాటిలో ఒకటి రొజె దె ల్యూరియా వీధిలోని పాత నీటి ట్యాంకు చుట్టూ ఉన్న స్థలం. బ్లాకు మధ్యలో దాగిపోయిన ఆ ఇటుక బురుజు కింద ఇప్పుడు వేసవిలో పిల్లలు నీళ్లలో ఆడుకుంటారు. తరువాత ఇలాంటి లోపలి ప్రాంగణాలు డజన్ల కొద్దీ తెరుచుకున్నాయి. ప్రతిదానికీ ఎవరో ఒక యజమానికి పరిహారం చెల్లించాల్సి వచ్చింది. 1859లో ఊరికే దక్కాల్సినదాన్ని బార్సిలోనా ఇప్పుడు మార్కెట్ ధరకు కొనుక్కుంటోంది.

2023లో కొన్సెల్ దె సెంట్ వీధిలో కార్లను తగ్గించి చెట్లూ బల్లలూ వేసినప్పుడు వ్యాపారులు కోర్టుకెళ్లారు. ఆ ఏడాదే ఒక న్యాయస్థానం, సాధారణ ప్రణాళికను సవరించకుండా చేసిన మార్పు చెల్లదని తీర్పు చెప్పింది. నగరపాలక సంస్థ పైకోర్టుకెళ్లింది. చెట్టు వేయాలా వద్దా అన్నది అక్కడ తగాదా కాదు. ఏ కాగితం మీద, ఎవరి సంతకంతో, ఏ క్రమంలో వేయాలన్నదే తగాదా. మా ఇంటి చర్చల్లో ఇంజనీర్లు రావాలనేవాళ్లకు నేను ఈ కేసు చెబుతాను. రండి, కానీ మునిసిపల్ చట్టం చదువుకుని, ఎవరి పక్షమో ముందే చెప్పి రండి అంటాను. మా బావగారు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు.